అర పేజీ ధనుర్వాతం

మొన్న పొద్దున మా మనవరాలు వసారాలో అటూ ఇటూ నడుస్తూ పాఠం వల్లె వేస్తోంది. నర్సింగు మొదటి సంవత్సరం. హాస్టల్లో గోల ఎక్కువని, పరీక్షలు దగ్గరపడగానే నిజామాబాదులో ఉన్న మా ఇంటికి వచ్చి పడుతుంది. అసలు వరసకు అది మా పెద్దన్న మునిమనవరాలు, నాకూ అంతే కావాలి. ఈ వయసులో అంత పొడుగు మాట నోరు తిరగక మనవరాలనే అంటున్నాను. దాని చేతిలో జీవశాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, పోషకాహారం మూడూ కలిపి కుట్టిన లావుపాటి పుస్తకం. "ధనుర్వాతం. కారకం బాక్టీరియా. నివాసం మట్టి, పశువుల పేడ. ముఖ్య లక్షణం దవడ బిగుసుకొనుట" అని ఒక్క ఊపిరిలో అనేసి, ఊపిరి తీసుకుని విటమిన్ల మీదికి దూకింది. నేను కుర్చీలోంచే ఆపి "గంతేనా?" అన్నాను. "గంతే తాతా. అర పేజీ. మస్తు వస్తే ఐదు మార్కులకు వస్తది" అంది. పుస్తకం ఇటు తెమ్మని భూతద్దం పెట్టి చూశాను. నిజంగానే అర పేజీ. కింద గీతలు గీసిన డబ్బాలో 'గ్రామీణుల అపోహలు' అని శీర్షిక పెట్టి, 'బొడ్డుకు పేడ బూడిద పూయుదురు' అని ఒక్క వాక్యం. పుస్తకాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే పెంపకం కనుక కొట్టలేక ఒళ్లో పెట్టుకున్నాను. ఈ అర పేజీ మా ఇంటి గడప దాటి లోపలికి రావడానికి ఒక మనిషి పళ్లు రాలాయి, ఇంకో మనిషి మణికట్టు చిరిగింది, తలుపు ముక్కలైంది. పూయుదురట. ఎవరు పూస్తారో, ఎంత ప్రేమగా పూస్తారో, ఆ డబ్బా గీసినాయనకు ఏం తెలుసు?

బోధన్ నుంచి మోస్రా వైపు వెళ్లే దారిలో మా ఊరు. చుట్టూ చెరుకు, మధ్య మధ్య పసుపు, కాలువ పారిన చోట వరి. పోచంపాడు దగ్గర గోదావరికి ఆనకట్ట కడతారని రచ్చ మీద కూర్చున్నవాళ్లంతా తామే కట్టబోతున్నట్టు మాట్లాడుకునే రోజులవి. మా ఇంట్లో చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. బాపు, అంటే మా నాయన, బతికున్నప్పుడు చర్నాకోల ఎడ్ల కంటే మా వీపులకే ఎక్కువ పరిచయం. ఆయన పోయాక పొలం, ఎడ్లు, చర్నాకోల మూడూ పెద్దన్నకు వచ్చాయి. పెద్దన్న మోకాలి మీద పెట్టి లావు చెరుకుగడను పుటుక్కున విరిచేవాడు. అదే తేలికతనం వదిన విషయంలోనూ చూపించేవాడు. చెడ్డవాడని నేననను. మా అక్కను అత్తగారింట్లో చెయ్యి కాల్చి పంపితే, పెద్దన్న నడుచుకుంటూ ఆ ఊరెళ్లి, బావ భుజం ఎముక విరిచి, అంతే నెమ్మదిగా నడుచుకుంటూ తిరిగొచ్చి అన్నం తిన్నాడు. ప్రేమ ఉన్నా, కోపం ఉన్నా ఆయనకు తెలిసిన పనిముట్టు ఒక్కటే.

మా ఇంటికి ఒక ఆచారం ఉండేది. ఏటా చెరుకు కోత మొదలుపెట్టే రోజున కొడవలికి పసుపు కుంకుమ పెట్టి, ఇంటి పెద్ద మొదటి గడ కోసేవాడు. ఆ కొడవలిని మళ్లీ పనికి వాడకుండా, ఎడ్లకొట్టంలో కుడివైపు కట్టే వలపటి ఎద్దు కట్టుగొయ్య పక్కన మట్టిలో గుచ్చి ఉంచేవాళ్లు. ఆ ఏడు ఇంట్లో కాన్పు అయితే బొడ్డు ఆ కొడవలితోనే కోయాలి. పుట్టిన బిడ్డ భూమిని విడిచిపోదని నమ్మకం. కోసిన బొడ్డు మీద పిడక బూడిద, మా చేనులో పండిన పసుపు కలిపి మా అవ్వ తన చేత్తో అద్దేది. మా అమ్మనే మేం అవ్వ అనేవాళ్లం. ఆమె ఆ బూడిదను మెత్తటి గుడ్డలో జల్లించేది, పలుకు తగిలి బిడ్డకు నొప్పి పుడుతుందేమోనని. పెద్దన్నకు, అక్కకు, నాకు ముగ్గురికీ అలాగే చేసింది. మేం ముగ్గురం బతికాం కదా అనేది ఆమె వాదన. చచ్చినవాళ్లు వచ్చి వాదనకు కూర్చోరు కనుక గెలుపు ఎప్పుడూ ఆమెదే.

వదిన మొదటి కాన్పులో మగపిల్లవాడు. వారం తిరగకుండానే పాలు పట్టడం మానేశాడు. పెదవులు రెండూ పక్కలకు లాక్కుపోయి, చూసేవాళ్లకు నవ్వుతున్నట్టు కనిపించాడు. అవ్వ మురిసిపోయింది కూడా. మరునాటికి వెన్ను విల్లులా వంగింది. కొట్టంలో ఎద్దు అంబా అంటే చాలు, ఆ పిడికెడు ఒళ్లు కట్టెలా బిగుసుకుని దడదడ కొట్టుకునేది. గాలి సోకిందని ఒక మంత్రగాడిని పిలిచారు. అతను పసుపు కొమ్ము నిప్పుల్లో ఎర్రగా కాల్చి పిల్లవాడి పొట్ట మీద వాతలు పెట్టాడు. దవడ బిగిసిపోయి ఏడుపు కూడా బయటికి రాలేదు. కాలిన చర్మం వాసన ఒక్కటే వచ్చింది. ఇన్నేళ్లయినా పసుపు ఉడికే కళ్లం దగ్గరికి నేను వెళ్లను. రెండో కాన్పు ఆడపిల్ల, అదే నవ్వు, అదే విల్లు, అదే మంత్రగాడు. ఆ పిల్లను పూడ్చి వచ్చిన రోజున పెద్దన్న వదినను బండి తాడుతో కొట్టాడు. పిల్లలను తినే కడుపని ఊరు అంది, అవ్వ కాదనలేదు. "మూడోది గిట్ల పోతే మీ అవ్వగారింట్ల దించి వస్త. నీ పినతల్లి బిడ్డ ఉన్నది, దాన్ని తెచ్చుకుంట" అని పెద్దన్న అందరి ముందూ చెప్పాడు. అప్పటికే వదిన మూడోసారి కడుపుతో ఉంది. తల వంచుకుని చాటలో బియ్యం ఏరుతూనే ఉంది.

అక్క సంగతి చెప్పాలి. అత్తగారింటికి తిరిగి పోనని మొండికేసి, నిజామాబాదులో నర్సు పని, మంత్రసాని పని కలిపి నేర్పే బడిలో చేరింది. రేకు పెట్టె మోసుకుంటూ ఆమెను బస్సెక్కించింది నేనే. అప్పటికి నాకు మీసాలొచ్చి, సొంతంగా బండి తోలుతున్నాను. నా చదువు ఉర్దూ బడిలో నాలుగు తరగతులతో సరి. తెలుగు అక్షరాలు గోడల మీది సినిమా కాగితాలు చూసి నేర్చుకున్నాను. అక్క సెలవులకు వచ్చినప్పుడు తన పాత పుస్తకాలు నాకిచ్చి పోయేది. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ ముందు వరసగా నిలబడి, ఒక్కోసారి పొద్దస్తమానం కదిలేవి కావు. ఆ బండి నీడలో కూర్చుని నేను వాటిని కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి. వెనక బండివాడు "ఏం నర్సమ్మా, నా ఎద్దుకు నాడి సూస్తవా?" అని ఎగతాళి చేస్తే, "ముందు నీ నోరు సబ్బుతోని కడిగి రా, అటెన్క సూస్త" అనేవాణ్ణి. ఒకరోజు ఒక పుస్తకంలో ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి బొమ్మ కనిపించింది. సన్నటి పుల్ల, చివర గుండ్రటి తల, అచ్చం డప్పు కొట్టే పుల్ల. ఆ గుండ్రటి తలలో దాని గింజ దాగి ఉంటుందట. పేడలో, మట్టిలో ఏళ్లకేళ్లు చావకుండా పడి ఉండి, గాయం దొరికితే నిద్ర లేస్తుందట. మామూలుగా నీళ్లు కాచినంత మాత్రాన చావనంత మొండిదట. కింద రోగ లక్షణాలు రాసి ఉన్నాయి. నవ్వినట్టుండే ముఖం అని కూడా రాసి ఉంది. నేను తలెత్తి చూస్తే చుట్టూ వందల ఎడ్లు, నా పాదాలు మడమల దాకా పేడలో ఉన్నాయి. అదే పాఠం బడిలో చెబుతున్నప్పుడు అక్క మధ్యలో లేచి బయటికి పరిగెత్తి వాంతి చేసుకుందట. పాఠం చెప్పే అమ్మగారు వేరే అనుమానపడి, విడిగా పిలిచి మందలించిందట కూడా.

వదినకు నెలలు నిండగానే అక్క సెలవు పెట్టి వచ్చింది. దవాఖానలో ఆవిరి డబ్బాలో ఉడికించిన కొత్త బ్లేడు, దారం, గుడ్డ, మూడూ కలిపి కట్టిన చిన్న మూట తెచ్చింది. అరుగు మీద కూర్చుని, బొడ్డు కోసేది దీనితోనని, బూడిద వద్దని, ఆ రెండు ప్రాణాలు పోయింది కొడవలి వల్లనేనని పెద్దన్నకు నెమ్మదిగానే చెప్పింది. ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందేమో. నా కొడవలి నా పిల్లలను చంపిందంటావా అని ఆయన ముఖం నల్లబడింది. "దవాఖానల నలుగురి మలమూత్రాలు ఎత్తేదానివి, నాకు శుద్ధి నేర్పుతవా?" అని మూట లాక్కుని, కొట్టంలోకి వెళ్లి, పేడలో వేసి మడమతో తొక్కాడు. "మా తాత బొడ్డు గసొంటి కొడవలితోనే కోసిండ్రు. దానికి దోసం పెడితే నాలుక కోస్త" అన్నాడు. అక్క లేచి వదిన దగ్గరికి వెళ్లింది. అన్నను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి కనుక రెండు మూటలు తెచ్చిందని అప్పటికి నాకు కూడా తెలియదు.

ఆ మరుసటి రోజు నడిపొద్దున, ఎండ చుర్రుమంటుండగా వదినకు నొప్పులు ముదిరాయి. ఊరి మంత్రసాని వేరే కాన్పు మీద పక్క ఊరికి పోయింది. పురిటి గదిలో వదిన, అక్క ఇద్దరే. నీళ్లు తేవడానికి బయటికొచ్చిన అవ్వ తిరిగి లోపలికి వెళ్లబోతే తలుపు గడియ పడి ఉంది. కొడవలి పట్టుకుని గడప దగ్గర నిలబడిన పెద్దన్న "తలుపు తియ్యి చెల్లె, కొడవలి తీస్కో" అన్నాడు. లోపలి నుంచి బిడ్డ ఏడుపు వినబడింది. "తియ్య" అని అక్క గొంతు వినబడింది. మగవాడు పురిటి గదిలో అడుగుపెట్టడం మా ఇళ్లలో కలలో కూడా లేదు. పెద్దన్న రోకలి అందుకున్నాడు. నేను వెనక నుంచి నడుము పట్టుకుంటే మోచేత్తో ఒక్కటిచ్చాడు. నేను గోడకు తగిలి పడ్డాను, అప్పటి నుంచి ఈ ఎడమ చెవి నాకు అలంకారానికే ఉంది. రోకలి పోటుకు పాత చెక్క తలుపు నిలువునా చీలింది.

లోపల అక్క మోకాళ్ల మీద ఉంది. రెండో మూట విప్పి ఉంది. ఒక చేతిలో బొడ్డు, ఇంకో చేతిలో దారం. పెద్దన్న వదలమన్నాడు, ఆమె వదలలేదు. రోకలి తిప్పి మొద్దు వైపుతో మూతి మీద కొట్టాడు. నేను చీలిన తలుపులోంచి చూశాను. ఆమె తల వెనక్కి పోయి మళ్లీ ముందుకొచ్చింది, రక్తం కొంగు మీద కారింది, రెండు పళ్లు చాప మీద పడ్డాయి. పట్టుకున్న బొడ్డు మాత్రం పట్టుకున్నట్టే ఉంది, దారం ముడి పడుతూనే ఉంది. పెద్దన్న రోకలి పారేసి, కొడవలి కుడిచేతికి మార్చుకుని, బొడ్డు మీదికి వంగాడు. అప్పుడు లేచింది వదిన. ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆయన ముందు కళ్లెత్తని మనిషి, ఒళ్లంతా చెమటతో, రక్తంతో ఉన్న పచ్చి బాలింత, ఆ మణికట్టును రెండు చేతులతో పట్టుకుని కొరికింది. అదేదో బెదిరింపుకు కాదు, ఎముక తగిలేదాకా. పెద్దన్న అరిచిన అరుపుకు కొట్టంలో ఎడ్లు పలుపులు తెంపుకున్నాయి. కొడవలి జారి ఆయన కాలి మీదే పడి పాదం చీల్చింది. వదిన నోటినిండా ఉన్న ఆయన రక్తం ఊసి, "రెంటిని నీ కొడవలికిచ్చిన. దీన్ని ఇయ్య" అంది. అక్క బ్లేడుతో బొడ్డు కోసింది.

గొడవ అంతటితో ఆగిందనుకోకండి. అక్క బిడ్డను రొమ్ముకు అందించబోతే, మొదటి పాలు విషమని, పిండి పారబోయాలని అవ్వ అడ్డం పడింది. అక్క వాచిన మూతితోనే, "బర్రె ఈనితే గవే పాలు జున్ను చేసుకుని గిన్నెలు నాకుతవ్ కదనే అవ్వా. మన పిల్లకే విసమైనయా?" అంది. అవ్వకు జున్ను మీద చచ్చేంత ఇష్టం. చెంగు నోట్లో కుక్కుకుంది. బిడ్డ ఆడపిల్ల.

పెద్దన్న కాలు కడుగుతానని అక్క సబ్బునీళ్లు తెచ్చింది. పళ్లు రాలగొట్టిన అన్న కాలు కడగడానికి ఆ పూటే కూర్చుంది, అదేం మనిషో. ఆయన చెంబును తన్నాడు. "నీ సబ్బు నాకొద్దు. మా అవ్వ బూడిద సాలు నాకు" అని, బిడ్డకు పనికిరాకుండా పోయిన ఆ జల్లించిన బూడిదనంతా తన పాదంలో కుక్కుకుని గుడ్డ కట్టుకున్నాడు. కొన్నాళ్లకు చెరుకు నములుదామంటే దవడ తెరుచుకోలేదు. పంటి నొప్పి అనుకున్నాం. అక్క దగ్గరికి వచ్చి ఆయన ముఖం చూసింది. పెదవులు పక్కలకు లాగి, నవ్వుతున్నట్టు ఉన్నాయి. "తమ్మీ, బండి కట్టు" అంది.

నిజామాబాదు పెద్ద దవాఖానలో ఒక గదికి కిటికీలన్నీ కంబళ్లతో మూసి అందులో ఉంచారు. చిన్న చప్పుడైనా ఆయన వెన్ను విల్లులా లేచేది. తల, మడమలు మాత్రమే మంచానికి ఆనేవి. చెరుకుగడను మోకాలి మీద విరిచిన మనిషిని గ్లాసు చప్పుడు విరుస్తోంది. ముక్కులోంచి గొట్టం వేసి పాలు, బెల్లం, గిలక్కొట్టిన కోడిగుడ్డు పోసేది అక్క. పోషకాహార పాఠంలో నేర్చిన లెక్క అది. దవాఖాన కూడు ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి కాదనలేని స్థితిలో అన్నీ పుచ్చుకున్నాడు. ఒకరోజు వీధిలో శవయాత్ర డప్పులు వినబడ్డాయి. అవి దగ్గరపడే కొద్దీ మంచం ఊగిపోతోంది. అక్క వెదురు కర్ర పట్టుకుని వీధిలోకి పరిగెత్తి, పాడె ముందు అడ్డంగా నిలబడింది. "ఇంకో దెబ్బ పడితే లోపల మా అన్న నడుము ఇరుగుతది. ఎవలు కొడ్తరో కొట్టుండ్రి, వాళ్ల నడుము నేనిరుస్త" అంది. గాయం మానీ మానని మూతి, పళ్లు లేని సందు, చేతిలో కర్ర. డప్పు కొట్టే పెద్దాయన ఆమెను కాసేపు చూసి, "పో బిడ్డ, కొట్టం. పోయినోడు ఏమనుకోడు" అన్నాడు. పుల్లలు పైకెత్తి పట్టుకుని, చప్పుడు లేకుండా శవాన్ని దాటించారు. గాలిలో నిలబడిన ఆ గుండ్రటి తలల పుల్లలను కిటికీ కంబళి సందులోంచి చూస్తుంటే, నాకు ఆ పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చింది.

పెద్దన్న బతికాడు. చాలా రోజుల తర్వాత దవడ వేలు పట్టేంత తెరుచుకుంది. చేతులెత్తి దండం పెడతాడని అక్కడున్న నర్సులంతా చుట్టూ చేరారు. ఆయన అక్కను దగ్గరికి రమ్మని సైగ చేసి, "రెండో మూట యాడ దాస్తివే?" అన్నాడు. అక్క ఆ సందు కనబడేలా నవ్వి, "నీకెందుకు చెప్త? ఇంకో కాన్పుంటది" అంది.

తర్వాత ఆయన వదిన మీద చెయ్యి ఎత్తడం మానేశాడని రాస్తే చదవడానికి బాగుంటుంది. మానలేదు. ఎత్తేవాడు. ఎత్తిన చేతి మణికట్టు మీద పంటిగాట్లు కళ్లబడగానే దించేవాడు. ఆ కొడవలిని తానే తీసుకెళ్లి, అరిగిపోయేదాకా మామూలు కోతలకు వాడాడు. ఆ తర్వాత కొట్టంలో ఏదీ గుచ్చలేదు. వదినను పుట్టింట్లో దించే మాట కూడా మళ్లీ ఎత్తలేదు. అక్క వర్ని నుంచి కందకుర్తి దాకా ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎన్ని తలుపులకు లోపలి నుంచి గడియ పెట్టిందో ఆమెకే తెలియదు. కట్టుడు పళ్లు పెట్టించుకోమంటే "గీ సందుల నుంచి గాలి మంచిగొస్తది" అనేది. అలాగే పోయింది.

ఇదంతా చెప్పి, ఆ రోజు చాప మీద ఏడ్చిన పిల్ల బోధన్‌లో ఉన్న మీ నాయనమ్మే అన్నాను.  మనవరాలు చేత్తో తన పొట్ట మీద, చున్నీ పైనుంచే, బొడ్డు ఉన్న చోట ఒకసారి తడుముకుంది. తర్వాత నా ఒళ్లోంచి పుస్తకం తీసుకుని, వసారా చివరిదాకా నడిచి, విటమిన్లు అందుకుంది. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ నిలబడలేదు. కాలం సాగడమంటే ఇదే కావచ్చు. ఒక ఆడమనిషి పళ్లు రాలినా చెయ్యి వదలని చోటును, ఆమె నిలబెట్టిన ప్రాణం తాలూకు పిల్ల ఒక్క ఊపిరిలో చదివేసి, భయం లేకుండా తర్వాతి పేజీకి వెళ్లిపోవడం.